పెత్తనం గిట్టని తుపాకి

ఆ ఏడు జూన్ చివర్లో లెక్సింగ్టన్ పట్నంలో చెవి డాక్టరు మా అత్తగారికి సంగతి దాచకుండా చెప్పేశాడు.

"ఓపల్ గారూ, మీ ఎడమ చెవి ఎలాగూ పోయింది. కుడి చెవిలో మిగిలింది కొంచెం. ఇంకొక్క వేట సీజను తుపాకి కాల్చారంటే అదీ పోతుంది. అప్పుడిక ఏ మిషనూ పనిచెయ్యదు."

అత్తగారు చేతిసంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. ఆరోజే కొత్తగా అమర్చిన చెవి మిషనుని వేలి చివరతో తడుముకుంటూ అడిగింది.

"పెద్ద తుపాకి సంగతేనా? చిన్నది కూడానా?"

"ఏదైనా ఒకటేనండీ."

"చెవులు మూసుకుని కాలిస్తే?"

"అలాగైతే పరవాలేదు."

"చెవులు మూసుకుంటే ఉడత ఎలా వినబడుతుందయ్యా?"

డాక్టరు నా వైపు చూశాడు. పట్నం మనిషి. ఉడతని కంటితో వెతుకుతారని ఆయన అనుకుంటున్నాడు.

మా కొండల్లో కూర కోసం ఉడతల్ని వేటాడతారు. అది చెవితో చేసే పని. ఆగస్టులో అడవిలో హికరీ చెట్ల గట్టి కాయలు ముదురుతాయి. పిల్లిపిల్లంతేసి ఉడతలు తెల్లవారకముందే చెట్ల చిటారుకి ఎక్కి, ఆకుల చాటున కూర్చుని కాయలు కొరుకుతాయి. వాటి తోక కూడా కనపడదు. కొరికిన పొట్టు మాత్రం ఆకుల మీద పడుతూ కిందికి జారుతుంది. ఆ చప్పుడు పట్టుకుని వేటగాడు చెట్టు కిందికి చేరాలి. మా అత్తగారికి ఆ విద్య వాళ్ల నాన్న నేర్పాడు. ఆవిడ తన కూతురికి నేర్పింది. ఆ కూతురు లొరీన్ నా భార్య. తల్లీకూతుళ్లు కొండెక్కిన పొద్దుల్లో నేను ఇంట్లో ఉండి, పొద్దున తినే మెత్తటి బిస్కట్ రొట్టెలు కాల్చేవాణ్ని. బడిలో చరిత్ర పాఠాలు చెప్పుకునే మనిషిని. తుపాకి ముట్టి ఎరగను.

లొరీన్ పోయి అప్పటికి ఏడాది దాటింది. ఆ ఇల్లు అత్తగారిది. మధ్యలో మనిషి వెళ్లిపోయాక, నేనింకా అక్కడ ఎందుకు ఉన్నానని ఆవిడ ఒక్కనాడూ అడగలేదు. పొద్దున్నే రెండు కప్పులు తీసి బల్ల మీద పెట్టేది. ఆ రెండో కప్పుకి నేను ఎంత రుణపడ్డానో ఆవిడకి తెలుసో లేదో.

ఇంటికి తిరిగి వస్తుంటే కొండల మొదట్లో ఆవిడ నోరు విప్పింది.

"ఈ ఆగస్టు కొండెక్కకపోతే ఇంక ఎక్కను లోవెల్. ఒక్కసారి మానేస్తే మోకాళ్లు దారి మర్చిపోతాయి."

"మోత లేని తుపాకి ఉంటే?"

"ఉంది. పిల్లలు ఆడుకునేది."

"పిల్లలది కాదు అత్తయ్యా. గాలితో కాల్చే రైఫిలు. ఉడతకి సరిపోతుందంటారు."

ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఈ మనిషికి ఎప్పుడూ ఏదో ఒక పుస్తకంలో ఏదో ఒకటి దొరుకుతుంది" అంది. కానీ వద్దనలేదు.

*

మా వాగు ఒడ్డున డ్రీమా కొట్లో ఎర వానపాములూ, కోళ్ల దాణా, తుపాకులూ అన్నీ ఒకే చూరు కింద దొరుకుతాయి. డ్రీమా లొరీన్‌తో కలిసి చదువుకుంది. అత్తగారిని పిన్నీ అంటుంది. నన్ను బావగారూ అని పిలిచి ఆటపట్టిస్తుంది.

"డ్రీమా, మా అల్లుడు నాకు బొమ్మ తుపాకి కొనిపెడతాట్ట. క్రిస్మస్ ముందే వచ్చేసింది నాకు" అంది అత్తగారు.

"ఇన్నాళ్లూ అల్లరి చెయ్యకుండా ఉన్నావు కదా పిన్నీ. అందుకే క్రిస్మస్ తాత ముందే వచ్చాడు."

డ్రీమా పైఅరలోంచి నల్లటి పొడుగాటి రైఫిలు ఒకటి తీసి బల్ల మీద పెట్టింది. దాని అట్టపెట్టె మీద గుండు వేగం అంత పెద్ద అక్షరాల్లో వేసి ఉంది. శబ్దం కంటే వేగం అట. నాకు ఆ మాట నచ్చింది.

"గొట్టం పట్టుకుని మధ్యకి విరవండి బావగారూ. కిందికి లాగితే లోపల స్ప్రింగు నొక్కుకుని కూర్చుంటుంది. ట్రిగ్గరు నొక్కితే ఆ స్ప్రింగు పిస్టన్‌ని ముందుకి తోస్తుంది. పిస్టన్ గాలిని తోస్తుంది. గాలి గుండుని తోస్తుంది. మందు లేదు, మంట లేదు."

నేను విరవబోయాను. కదల్లేదు. రైఫిలు మడమని, అంటే వెనకవైపు చెక్కని, తొడకి ఆనించి రెండు చేతులతో లాగాను. సగం దాకా వచ్చింది.

"ఊపిరి పీల్చుకోండి బావగారూ, మొహం బీట్‌రూట్ అయిపోతోంది" అంది డ్రీమా. "దీన్ని మొగాళ్లు అట్ట మీది అంకె చూసి కొనుక్కుపోతారు. నెల తిరక్కుండా వెనక్కి తెస్తారు. పైగా గుండు శబ్దాన్ని దాటిపోయిందంటే కొరడా ఝళిపించినట్టు మోగుతుంది. మీరు పారిపోయి వచ్చింది ఆ మోత నుంచే కదా?"

దాన్ని అర మీదికి ఎక్కించేసి కింద నుంచి ఇంకోటి తీసింది. మామూలు చెక్కది. గోధుమరంగు, కాస్త పొట్టి. అట్టపెట్టె మీద గొప్పలేమీ లేవు. గొట్టం విరిస్తే తలుపు గడియ తీసినంత మెత్తగా కిందికి వచ్చింది.

"ఇందులో సన్న గుండుది ఒకటి, లావు గుండుది ఒకటి ఉన్నాయి. సన్నది చీల్చుకుని అవతలికి పోతుంది. ఉడత గాయంతో పారిపోతుంది. లావుది ఉన్నచోటే పడేస్తుంది. మీరు లావుదే తీసుకోండి. మొన గుండ్రంగా ఉన్న గుళ్లు వాడండి."

"గురి అద్దం?" అన్నాను.

"నాకు అద్దమొద్దు. కిందటేడు శుక్లాలు తీసి కళ్లల్లో కొత్తవి వేశారుగా, అవి చాలు" అంది అత్తగారు. రైఫిలు ఎత్తి భుజానికి ఆనించి, గోడకున్న కేలెండరు మీద కాసేపు గురిపెట్టి చూసింది. "ఎంత దగ్గరికి వెళ్లాలి?"

"పాతిక గజాల్లోపు ఉండాలి పిన్నీ. అదీ తలకే."

"దగ్గరికి వెళ్లే సంగతి నాకొదిలెయ్."

గొట్టం తనే విరవబోయింది. కీళ్లవాతం పట్టిన చేతులు. సగం దాకా లాగి ఆగింది. మొహంలో ఏమీ కనిపించనివ్వకుండా రైఫిలు నాకు అందించింది. నేను మిగిలిన సగం లాగాను.

డ్రీమా మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "విరిచేది ఒకరు, కాల్చేది ఒకరు. ఇది జంట తుపాకి అయింది."

"ఈయన్ని అడవికి తీసుకెళ్లడమా! ఈయన ఆకు మీద అడుగేస్తే పక్క జిల్లాలో ఉడతలు లేచి కూర్చుంటాయి."

అందరం నవ్వాం. గుమ్మం దాకా వచ్చాక డ్రీమా వెనకనుంచి కేకేసింది. "పిన్నీ, ఒక్కమాట! దాని మీద పెత్తనం చెయ్యకు."

"తుపాకికి చెబుతున్నావా, నాకా?" అంది అత్తగారు. మా లోయలో ఆవిడ పెత్తనం తెలియనివాళ్లు లేరు. మళ్లీ నవ్వాం. ఈలోగా ఎవరో వానపాముల కోసం రావడంతో డ్రీమా అటు తిరిగింది. మేం ఆ మాటని హాస్యం కిందే జమకట్టి ఇంటికి వచ్చేశాం.

*

అత్తగారి షరతు ఒకటే. బీన్స్ నిలవపెట్టే సీసాల రేకు మూత ఒకటి పెరటి మొద్దుకి మేకుతో కొట్టించింది. దడి గుంజ దగ్గర నిలబడి కాలిస్తే వరసగా అయిదు గుళ్లు ఆ మూతకే తగలాలి.

"తప్పితే ఉడత దెబ్బతో తొర్రలో దూరి, రెండు రోజులు తీసుకుని చస్తుంది. నాకు ఆ పని వద్దు. సీజను తెరిచేలోపు అయిదూ పడాలి. పడకపోతే ఇదీ, ఆ పాతవీ అన్నీ గోడకి తగిలించేస్తాను. ఇంక అడవి మాట ఎత్తను."

"ఒక్క నెలలో?"

"నాకు తుపాకి కొత్తటయ్యా?"

కొత్త కాదు. జీవితమంతా ఎలా పట్టుకుందో అలాగే పట్టుకుంది. గొట్టం కింది చెక్కని దడి గుంజ మీద ఆనించి, ఎడమ చేత్తో బిగించి, రైఫిలు మడమని భుజంలోకి గుంజుకుని, చెంప గట్టిగా అదిమి, ఊపిరి బిగబట్టి. నేను గొట్టం విరిచి గుండు పెట్టి ఇచ్చేవాణ్ని. ఆవిడ కాల్చేది. మొదటిది మూతకి పైన పడింది. రెండోది ఎడమకి. మూడోది మొద్దునే దాటిపోయింది. ఒకటి తగిలేది. మర్నాడు అదీ లేదు.

గుళ్లు మార్చాం. మరలు బిగించాను. నేను కూడా అదే గుంజ మీద ఆనించి కాల్చి చూశాను. నావి మూతకి ఇంకా దూరంగా పోయాయి. అది నా చేతకానితనం అని ఇద్దరం అనుకున్నాం. ఆవిడది మాత్రం ఆవిడ చేతుల తప్పు అనుకుంది.

"వణుకుతోంది చూడు" అనేది, చెయ్యి చాపి. నాకు వణుకు కనపడేది కాదు. ఆవిడకి కనపడేది. మర్నాడు ఇంకా గట్టిగా బిగించేది. గుళ్లు ఇంకా చెదిరిపోయేవి.

జులై గడిచింది. ఆగస్టు వచ్చింది. ఒకరోజు భోజనం దగ్గర నేనేదో అడిగితే ఆవిడ పలకలేదు. చూస్తే చెవిలో మిషను లేదు.

"మిషను ఏది అత్తయ్యా?" గట్టిగా అడిగాను.

"డ్రాయర్లో పెట్టాను. ఇంట్లో వినడానికి ఏముందిలే."

కోపంగా అనలేదు. నన్ను నొప్పించాలనీ కాదు. ఉన్నమాట అన్నట్టు అనేసి, మొక్కజొన్న రొట్టె ముక్క నా పళ్లెంలో వేసింది. నేను తలొంచుకుని తిన్నాను. లొరీన్ ఉన్నప్పుడు ఆ బల్ల దగ్గర తల్లీకూతుళ్ల గోలకి నేను పుస్తకం పట్టుకుని వసారాలోకి పారిపోయేవాణ్ని. ఆ సాయంత్రం చెంచా చప్పుడు కూడా నాకొక్కడికే వినిపించింది.

*

సీజను తెరిచేది శనివారం. ఆ వారం మొదట్లోనే బీన్స్ అన్నీ ఒక్కసారి కాపుకొచ్చాయి. పొద్దున్నుంచీ ఇద్దరం కూర్చుని గంపలకొద్దీ తొడిమలు తుంచాం. మధ్యాహ్నానికి వాటిని సీసాల్లో నింపి, మూతలు పెట్టి ఉడికించి బల్ల మీద గుడ్డ పరిచి వరసగా పెట్టాం. చల్లారుతున్నకొద్దీ ఒక్కో మూతా లోపలికి లాక్కుని టింగుమంటుంది. అలా మోగితే సీసా చలికాలానికి నిలిచినట్టే. ప్రతి ఏడూ అత్తగారు వంటింట్లో అటూ ఇటూ తిరుగుతూ ఆ మోతల కోసం చెవి ఒగ్గి ఉండేది. ఈసారి కుర్చీలో కూర్చుని నన్నడిగింది.

"మోగుతున్నాయా?"

"మోగుతున్నాయి అత్తయ్యా. ఇప్పుడే ఇంకోటి."

"మంచిది."

ఎండ తగ్గాక అలవాటుకొద్దీ నేను రైఫిలు విరిచి, గుండు పెట్టి, వసారాలోకి తీసుకెళ్లాను. ఆవిడ చూసి తలూపింది.

"చాలు నాయనా. లోపల పెట్టెయ్. ఇంక వద్దు."

ఆ "వద్దు" ఆ ఒక్క సాయంత్రానికి కాదని తెలుస్తూనే ఉంది.

"గుండు పెట్టేశానండీ. స్ప్రింగుని అలా నొక్కి ఉంచేస్తే పాడవుతుందట. కాల్చెయ్యాలి."

"అయితే నువ్వే మొద్దులోకి కాల్చి పారెయ్."

"మీరే కాల్చండి." ఎందుకలా అన్నానో తెలియదు. చివరిది ఆవిడ చేత్తోనే కావాలనిపించింది.

ఆవిడ విసుగ్గా చెయ్యి చాపింది. పొద్దంతా బీన్స్ తుంచిన ఎడమ చెయ్యి కొయ్యబారిపోయింది. వేళ్లు ముడుచుకోనంటున్నాయి. గుంజ దాకా నడిచే ఓపిక కూడా లేదు. కుర్చీ అంచుకి జరిగి, మోకాలి మీద మోచెయ్యి పెట్టి, తెరిచిన అరచేతిలో రైఫిలు ఊరికే ఉంచింది. వేడి పళ్లెం పట్టుకున్నట్టు ఉంచింది. భుజానికి తాకీ తాకకుండా, చెంప అదమకుండా, గురి చూడాలని ఒకటికి రెండుసార్లు అనుకోకుండా ట్రిగ్గరు నొక్కింది.

రైఫిలు ఆవిడ అరచేతిలో నిద్రలో ఉలిక్కిపడ్డ పిల్లిలా కదిలింది. పెరట్లో అవతల, మొద్దు మీద టింగుమంది.

ఆవిడకి వినపడలేదు. "ఎటు పోయింది?"

"మూతకి తగిలింది."

"వెక్కిరించకయ్యా."

నేను వెళ్లి మేకు ఊడదీసి మూత తెచ్చి ఆవిడ ఒళ్లో పెట్టాను. మేకు బెజ్జానికి పక్కనే, ఇంచుమించు నడిమధ్యన, ఇంకో బెజ్జం. ఆవిడ మూత ఎత్తి దాంట్లోంచి పొద్దుని చూసింది. చిటికెనవేలి కొన అందులో పెట్టి చూసింది. నేను నిలబడ్డచోటే నిలబడ్డాను. ఏదైనా మాట్లాడితే ఆ బెజ్జం పూడిపోతుందేమోనని భయం లాంటిది వేసింది.

"దాన్ని మళ్లీ కొట్టిరా" అంది. "వచ్చేటప్పుడు డ్రాయర్లో నా చెవి ఉంది, తీసుకురా."

చెవి పెట్టుకుంది. నేను విరిచి ఇచ్చాను. అదే అరచెయ్యి, అలాగే తెరిచి. టింగ్. ఈసారి ఆవిడ కనుబొమలు లేచాయి. మూడోదీ మోగింది. నాలుగోది కాలుస్తూ ఆశకొద్దీ వేళ్లు కాస్త ముడవబోయి, తనే గ్రహించి మళ్లీ తెరిచింది. టింగ్. అయిదోదానికి మేమిద్దరం ఊపిరి పీల్చడం మానేశామనుకుంటాను. అదీ మోగింది.

అత్తగారు రైఫిలు ఒళ్లో పెట్టుకుని కళ్లల్లో నీళ్లు వచ్చేలా నవ్వింది.

"పెత్తనం చెయ్యొద్దంది ఆ పిల్ల! నామీద వేళాకోళం అనుకున్నాను."

అప్పటికి నాకూ తెలిసింది. మందు తుపాకి గుండు పోయాక తంతుంది. ఇది గుండు ఇంకా గొట్టంలో ఉండగానే కుదుపుతుంది. స్ప్రింగు విడుతుంది, పిస్టన్ ఉరుకుతుంది, రైఫిలంతా ఒకసారి వెనక్కీ ముందుకీ కదిలి, అప్పుడు గుండుని వదులుతుంది. బిగబడితే ఆ కదలిక ప్రతిసారీ ఒక్కో పక్కకి తోసుకుపోతుంది. వదిలేస్తే ప్రతిసారీ ఒకేలా కదులుతుంది. ఇదంతా వివరంగా చెప్పాను. ఆవిడ విని, తన ఎడమ చేతిని తిరగేసి మరగేసి చూసుకుంది.

"అంటే ఈ ముడవలేని చెయ్యే దానికి నచ్చిందన్నమాట."

"అన్నమాటే."

"దానికీ పిచ్చే" అంది. ఆ చేతిని ఇంకో చేత్తో మెల్లిగా నిమిరింది. ఆవిడ అలా చెయ్యడం నేనెప్పుడూ చూడలేదు.

*

శనివారం వెలుగు రాకముందే కొండెక్కాం. వాగు మీద పొగమంచు ఉంది. ముందు ఆవిడ, వెనక రైఫిలుతో నేను.

"నా అడుగులో అడుగెయ్. మడమ కాదు, ముందు వేళ్లు. అబ్బా, ఏనుగు నయం."

శిఖరం కిందుగా, ఒక పాత హికరీ మొదట్లో కూర్చున్నాం. చీకటి పలచబడుతోంది. ఆవిడ కుడి చెవి పైకి వచ్చేలా తల వంచి కూర్చుంది. ఎంతసేపు అలా ఉన్నామో. నాకు మంచు బొట్లు తప్ప ఏమీ వినబడలేదు. తర్వాత ఎక్కడో సన్న తుంపర మొదలైంది. తల ఎత్తి చూశాను. ఆకాశం నిర్మలంగా ఉంది.

"వాన కాదు" అంది ఆవిడ, పెదవులతోనే.

అప్పుడు చూశాను. తొలి ఎండ చెట్ల మధ్యనుంచి ఏటవాలుగా దిగుతోంది. ఆ వెలుగులో లేతాకుపచ్చ పొట్టు తేలుతూ, తిరుగుతూ, ఆకు మీద నుంచి ఆకు మీదికి జారుతూ కిందికి వస్తోంది. ఎదుటి చెట్టు నుంచి, దాని పక్క చెట్టు నుంచి, ఎత్తున ఎవరో ఓపిగ్గా ఏదో చెక్కుతున్నట్టు. ఇన్నేళ్లూ ఆ కొండ కింద నేను పిండి పిసుకుతున్న పొద్దుల్లో, పైన లొరీన్ చుట్టూ రాలింది ఇదన్నమాట. నాతో ఆమె చాలాసార్లే చెప్పింది. మాటలకి లొంగనిది కాబట్టి, విన్నా నాకే అందలేదు.

అత్తగారు వేలు చూపింది. నేను ఊపిరాపి గొట్టం విరిచాను. గుండు పెట్టి, చప్పుడు కాకుండా మూసి, అందించాను. ఆవిడ లేచి, ఆకు కదలకుండా ఎదుటి చెట్టు దాకా ఎలా వెళ్లిందో నేను కళ్లారా చూసి కూడా చెప్పలేను. అక్కడ గొంతుక్కూచుంది. మోకాలి మీద మోచెయ్యి. తెరిచిన అరచెయ్యి.

పక్కగదిలో ఎవరో పుస్తకం మూసినంత చప్పుడు. అంతే. కొమ్మల్లోంచి ఏదో జారి, ఆకుల్లో మెత్తగా పడింది.

నేను లేచి వెళ్లాను. ఉడత పడినచోటే ఉంది. ప్రాణం ఎప్పుడు పోయిందో దానికే తెలిసి ఉండదు. ఆవిడ దాని వైపు ఒకసారి చూసి తలూపింది. అంతలో నాకేసి చెయ్యెత్తింది, కదలొద్దని.

పక్క చెట్టు మీద ఉడత కొరకడం ఆపలేదు. తుంపర అలాగే పడుతోంది. పైన ఒక వడ్రంగిపిట్ట మధ్యలో ఆపిన దెబ్బని మళ్లీ అందుకుంది. దూరంగా వాగు. కొండ ఏమీ జరగనట్టు తన పనిలో తనుంది.

అత్తగారి మొహం చూశాను. చిన్నపిల్ల మొహం.

"నాకు తెలీదు నాయనా" అంది గుసగుసగా. "తొమ్మిదేళ్లప్పట్నుంచీ కాలుస్తున్నాను. కాల్చాక ఇదంతా ఉంటుందని నాకు తెలీదు. తుపాకి పేలిందంటే చెవుల్లో గంట మోగేది. ఆ గంట ఆగేసరికి అడవి నోరు మూసుకునేది. అదే అడవి అనుకున్నాను."

చెట్ల పైకి చూసి, "లొరీన్ కూడా విని ఉండదు ఇది" అంది.

"విని ఉండదు" అన్నాను.

రెండో ఉడత ఇంకా పైనే ఉంది. నా పని నాకు గుర్తొచ్చి, రైఫిలు విరిచి ఇద్దామని చెయ్యి చాపాను. ఆవిడ ఇవ్వలేదు. దాన్ని చెట్టు మొదట్లో ఆనించి, ఆకుల మీద కూర్చుని, పక్కన నేల మీద చేత్తో తట్టింది.

"కూర్చో. కాసేపు విందాం."

కూర్చున్నాను. పొట్టు ఆవిడ టోపీ మీదా, నా టోపీ మీదా రాలుతూనే ఉంది. ఇద్దరిలో ఎవరమూ దులుపుకోలేదు.